నూజివీడు మామిడికి ఒక ప్రయాణ పత్రం

వైశాఖమాసంలో నూజివీడు తోటలలో పక్షులు లేవకముందే గెడల చప్పుడు మొదలవుతుంది. ఎండ ముదరక మునుపే కోత ముగియాలి. పొడుగాటి వెదురు గెడ చివర చిక్కం కట్టి, కాయను తొడిమతో సహా అందులోకి జార్చుకొని, నేల తగలకుండా దించుతారు. దూరదేశం పోవలసిన కాయ ఒక్కసారి నేలను తాకిందంటే దాని ప్రయాణం అక్కడితో సరి. అది నాటు బేరానికే పోవాలి. తొడిమ తుంచగానే చిమ్మే సొన తొక్క మీద పడితే నల్లని మచ్చ మిగులుతుంది. అందుచేత కాయలను తలక్రిందులుగా పేర్చి, సొన కారిపోయిన తరువాతనే ట్రేలకు ఎత్తుతారు. ఈ పనిలో ఆరితేరిన కూలీల చేతులు చూస్తే పసిబిడ్డకు నీళ్ళు పోసే చేతులు జ్ఞాపకం వస్తాయి.

విజయవాడకు ఈశాన్యంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, కృష్ణా డెల్టా మాగాణి వెనుకబడి మెట్ట నేలలు ప్రారంభమయ్యే చోట నూజివీడు ఉన్నది. ఒకప్పటి జమీందారీ పట్టణం. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం అంటూ రసాలకు పేరుపడినా, ఈ ప్రాంతపు వ్యాపారాన్ని మోసేది బంగినపల్లి. దాని వెంట కలెక్టరు అని పిలువబడే తోతాపురి. బంగినపల్లి పుట్టిల్లు రాయలసీమలోని బనగానపల్లె. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. విజయవాడ పొరుగున ఉన్న నున్న మార్కెట్టులో మండు వేసవిలో లారీలు బారులు తీరుతాయి. అక్కడి నుండి సరకు ఢిల్లీకి, కలకత్తాకు, అహమ్మదాబాదుకు వెళ్ళిపోతుంది. 

మన దేశంలో ఏటా సుమారు 2 కోట్ల టన్నుల మామిడి పండుతున్నది. ప్రపంచంలో ఇంత పండించే దేశం మరొకటి లేదు. అందులో తాజా పండుగా సముద్రం దాటేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. పండించడంలో ఇంత ఘనత, పంపడంలో ఇంత వెనుకబాటు! తినే నోళ్ళు మన దేశంలోనే ఎక్కువన్నది ఒక కారణం. దానికి చింతించవలసినది లేదు. రెండవ కారణం బియ్యపుగింజ కన్న కొద్దిగా పెద్దదైన ఒక ఈగ.

పండు ఈగను తోటలో చూసినవారు తక్కువ. దాని పనిని చూడనివారు లేరు. కాయ పక్వానికి వచ్చే వేళ ఆడ ఈగ తన తోక చివరి సూదిని తొక్కలో గుచ్చి, లోపల గుడ్లు పెడుతుంది. పైకి కనిపించేది సూదిమొన అంత చుక్క. ఒకటి రెండు రోజులలో గుడ్లు పగిలి, కాళ్ళు లేని తెల్లని పురుగులు గుజ్జును తింటూ లోనికి సాగిపోతాయి. ఎదిగిన పురుగు పండు నుండి నేలలోకి దూకి, మట్టిలో కోశస్థ దశ గడిపి, మళ్ళీ ఈగగా లేస్తుంది. ఒక ఆడ ఈగ తన జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. తోటలో కోసిన నాడు నిగనిగలాడిన కాయ, వారం రోజుల తరువాత లండనులో ఒక గృహిణి కత్తి కింద కుళ్ళిన గుజ్జుగా తెరుచుకోవడం ఈ ఈగ చలవే.

ఈ ఈగ కథలో భారతదేశానికి ఒక గౌరవస్థానం ఉన్నదని చాలామందికి తెలియదు. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రజ్ఞుడు, నిమ్మగడ్డి జాతికి చెందిన సిట్రొనెల్లా నూనె వాసనకు పండు ఈగలలోని మగవి మూకలుగా వచ్చి వాలడం గమనించి, 1912లో ఆ సంగతి ప్రకటించాడు. ఆ ఆకర్షణకు మూలం మిథైల్ యూజినాల్ అనే పదార్థమని 1915 నాటికి తేల్చాడు. మన పెరటి తులసిలో ఉండే పదార్థమే అది. నేడు నూజివీడు తోటలలో కొమ్మలకు వ్రేలాడే ప్లాస్టిక్ బుట్టలలోని చెక్కముక్కకు పట్టించేది దానినే. మగ ఈగ వాసనకు వస్తుంది, మందు తగిలి చస్తుంది. జత దొరకని ఆడ ఈగ పెట్టే గుడ్లు పొదగవు.

ఇదే మందును జపానువారు తమ దక్షిణ ద్వీపాలలో ఒక మహాయజ్ఞంగా వాడారు. ఒకినావా, దాని చుట్టుపక్కల దీవులలో మిథైల్ యూజినాల్, విషం కలిపి తడిపిన ముక్కలను ఏళ్ళ తరబడి వెదజల్లి, ఒక్కొక్క దీవి నుండీ ఈ ఈగను తుడిచిపెడుతూ వచ్చి, 1986లో చివరి దీవుల నుండి కూడా నిర్మూలించారు. దాని దాయాది అయిన దోస ఈగను వంధ్యత్వం కలిగించిన ఈగలను విడిచి తొలగించడానికి 1993 దాకా పట్టింది. ఇన్నేళ్ళు, ఇంత ధనం వెచ్చించి ఇల్లు శుభ్రం చేసుకొన్నవాడు వాకిట్లోకి వచ్చిన గంపను పట్టి పట్టి చూడడంలో వింత ఏమున్నది? ఈగ పేరు చెప్పి జపాను భారతీయ మామిడికి తలుపు మూసింది కూడా 1986లోనే. తిరిగి తెరవడానికి 20 ఏళ్ళు పట్టింది.

తెరిచిన తలుపుకు ఒక షరతు తగిలించారు. ఆ షరతును కంటితో చూడాలంటే నూజివీడులోని ప్యాకింగ్ కేంద్రానికి వెళ్ళాలి.

తోట నుండి వచ్చిన ట్రేలు ఒక వైపు గుమ్మం నుండి ప్రవేశిస్తాయి. కడగడం, తూకం, పరిమాణాన్ని బట్టి వేరు చేయడం వరకు అది ఏ ఫ్యాక్టరీలోనైనా కనిపించే దృశ్యమే. ఆ తరువాత వచ్చేదే ఆవిరి గది. పండు గుజ్జులోకి సన్నని ఉష్ణమాపక సూదులను గుచ్చి, వాటి తీగలను బయటి యంత్రానికి తగిలిస్తారు. గదిలో వేడి అన్నిటికంటె ఆలస్యంగా చేరే మూలలో, పెద్ద పండులోనే ఈ సూది ఉండాలి. చిన్న పండు త్వరగా వేడెక్కి తప్పుడు ధైర్యం ఇస్తుంది కదా! తేమతో నిండిన వేడి గాలిని నెమ్మదిగా పెంచుతూ పోయి, గుజ్జు నడుమ 47.5 డిగ్రీల సెంటిగ్రేడు చేరిన తరువాత 20 నిముషాలు అట్లాగే నిలుపుతారు. అర డిగ్రీ తగ్గితే పురుగు బ్రతకవచ్చు. వేడి మించితే గుజ్జు దెబ్బతిని, పండు రుచి పోతుంది. పండును చంపకుండా పురుగును చంపే ఈ సన్నని గీత మీదనే జపాను ఒప్పందం నిలిచి ఉన్నది. 2006లో అనుమతి పొందిన ఆరు రకాలలో ఆల్ఫాన్సో, కేసర్, లంగ్రా, చౌసా, మల్లికలతో పాటు మన బంగినపల్లి కూడా చోటు చేసుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి గదులు నూజివీడులోనూ తిరుపతిలోనూ నెలకొల్పారు.

వేడి గదిలో నుండి పండు వచ్చిన మార్గాన వెనుకకు రాదు. అవతలి గుమ్మం నుండి మరొక గదిలోకి పోతుంది. ఆ గదికి సన్నని వల కిటికీలు, ఒకదాని వెనుక మరొకటిగా రెండు తలుపులు. ఒకటి మూసుకొంటే గాని రెండవది తెరవరాదు. పెట్టెకు ఉన్న గాలి రంధ్రాలకు సైతం వల అంటించి ఉంటుంది. ఇంత వేడి భరించిన పండు మీద మళ్ళీ ఒక ఈగ వాలితే మొదటికే మోసం.

అక్కడే, తెల్లని దీపం కింద, ఒక బల్ల ఉన్నది. ఈ ప్రయాణమంతటికీ గుండెకాయ వంటిది ఆ బల్లే. మొక్కల క్వారంటైన్ ఇన్‌స్పెక్టరు చేతిలో భూతద్దం, కత్తి, ఒక చిట్టా పుస్తకం. పెట్టెలలో నుండి తనకు తోచిన పండ్లను తీసి, తొడిమ చుట్టూ చూసి, అనుమానం కలిగిన దానిని కోసి చూడడం ఆ ఉద్యోగం. వ్యాపారి చూపించిన పెట్టెలను చూడడం తనిఖీ అనిపించుకోదు. ఏ పెట్టె తెరవాలో నిర్ణయించే స్వేచ్ఛ ఇన్‌స్పెక్టరుదే కావాలి.

ప్రతి వేసవిలోనూ ఈ బల్ల దగ్గర ఒకే రకమైన సంభాషణ నడుస్తుంది. చెమట తుడుచుకొంటూ నిలుచున్న రైతు, "మేడం గారూ, ఒక్క కాయలో పురుగు కనపడితే పెట్టె అంతా పక్కన పెడతానంటే ఎట్లాగండీ? కావాలంటే ఆ ఒక్క కాయ తీసేయండి," అంటాడు. కూతురి వయసున్న ఇన్‌స్పెక్టరు కత్తి పక్కన పెట్టి, "పెట్టె ఒక్కటే కాదు బాబాయి గారూ, ఈ సరకు మొత్తం ఆగిపోతుంది. నేను చూసింది కొన్ని కాయలే. చూడనివాటిలో ఏముందో మీరు చెప్పగలరా?" అని బదులు చెబుతుంది. ఆయన చెప్పలేడు. ఆమె కూడా చెప్పలేదు. తనిఖీ అనే వ్యవస్థ యావత్తూ ఈ చెప్పలేకపోవడం మీదనే కట్టబడినది.

దీనికి గణితశాస్త్రం ఒక లెక్క ఇచ్చింది. పెద్ద సరకులో 200 కాయలకు ఒకటి చొప్పున పురుగు పట్టి ఉన్నదనుకొందాం. ఎక్కడెక్కడి నుంచో ఏరిన 600 కాయలు పరీక్షిస్తే, ఒక్కటైనా దొరికే అవకాశం నూటికి 95 పాళ్ళు. అంతర్జాతీయ ప్రమాణాలలో తరచు కనిపించే 600 అనే సంఖ్యకు మూలం ఇదే. కాని 1,000 కాయలకు ఒకటే చెడ్డదైతే? అదే 600 కాయలు చూసిన ఇన్‌స్పెక్టరును అది సగానికి పైగా సందర్భాలలో తప్పించుకొని పోతుంది. పైగా నిన్న పెట్టిన గుడ్డును చూడడానికి గ్రద్ద కన్ను కూడా చాలదు. వేడి ప్రక్రియ వంటి చికిత్సలను పది లక్షల పురుగులలో 32కు మించి మిగలరాదన్నంత కఠినమైన ప్రమాణంతో తూచేది కూడా అందువల్లనే. బల్ల మీది కత్తి చివరి కావలి మాత్రమే. దానికి ముందు ఆవిరి గది, దానికి ముందు తోట కాపలా కాయాలి.

అన్నీ సరిగా ఉన్నాయని నమ్మకం కుదిరిన తరువాత ఇన్‌స్పెక్టరు ఒక కాగితం మీద సంతకం చేస్తుంది. దానినే వృక్ష ఆరోగ్య ధ్రువపత్రం అంటారు. 1951లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యాన కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక దీనికి ఒక నమూనా నిర్ణయించింది. పాస్‌పోర్టులో మనిషిని గురించి ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వానికి చెప్పే మాట ఉంటుంది. ఈ పత్రంలో పండును గురించిన మాట ఉంటుంది. ఎగుమతిదారుడు ఇచ్చే హామీలు ఎన్నయినా ఉండవచ్చు. అవతలి రేవులోని అధికారి చూసేది భారత ప్రభుత్వపు మాట. ఆ మాటకు విలువ తగ్గితే ఏమవుతుందో 2014లో తెలిసివచ్చింది.

ఆ సంగతికి ముందు ఏడాది, అంటే 2013లో, ఐరోపా రేవులలో భారతదేశం నుండి వచ్చిన పండ్లు, కూరగాయల సరకులలో 207 సార్లు పురుగులు పట్టుబడినాయి. పండు ఈగలు కొన్నిటిలో, తెల్లదోమ వంటివి మరికొన్నిటిలో. 2014 మే 1వ తేదీ నుండి ఐరోపా సమాఖ్య మన మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ జాతి ఆకుల రాకను నిషేధించింది. ఆ అయిదు రకాలూ కలిసి ఐరోపాకు మనం పంపే తాజా పండ్లు, కూరగాయలలో నూటికి 5 పాళ్ళు కూడా లేవు. అయినా మామిడి కోతలు జోరుగా సాగే మే నెలలో పడిన దెబ్బ! రత్నగిరి ఆల్ఫాన్సో పెట్టెలు బొంబాయి మార్కెట్టులోనే పోగుపడినాయి. లండను శివార్లలో భారతీయులు, పాకిస్తానీయులు నడిపే పచారీ దుకాణాలలో ఆ వేసవి భారతీయ మామిడి కానరాలేదు. పాకిస్తాను పండు ఆ ఖాళీని కొంత ఆక్రమించింది.

అన్యాయమని అరచినవారు చాలామంది. బ్రిటనులో వెచ్చని అద్దాల ఇళ్ళలో తప్ప మామిడి పెరగదు, అక్కడికి పోయిన ఈగ ఎవరిని ఏం చేస్తుందని కొందరు వాదించారు. ఆ వాదంలో కొంత పస ఉన్నది. కాని లండనులో దిగిన పెట్టె స్పెయిన్‌కో ఇటలీకో చేరడానికి మధ్య తనిఖీ గుమ్మమేదీ ఉండేది కాదు, అక్కడ బత్తాయి, పీచ్ తోటలు ఉన్నాయి. అదీ గాక, 207 సార్లు తప్పిన మాటను 208వ సారి ఎవరు నమ్ముతారు?

మన ప్రభుత్వం చేసిన పని వాదాలకంటె ఎక్కువ ఫలితాన్ని ఇచ్చింది. ఐరోపా పోయే తాజా పండ్లు, కూరగాయలన్నీ గుర్తింపు పొందిన ప్యాకింగ్ కేంద్రాల గుండానే పోవాలని, తనిఖీ అక్కడే జరగాలని, విమానాశ్రయంలో ఆఖరి గంటలో పెట్టెలు తెరిచే పద్ధతి చెల్లదని నియమం చేసింది. మామిడికి 48 డిగ్రీల వేడి నీటిలో 60 నిముషాల స్నానం విధించింది. ఐరోపా నిపుణులు వచ్చి చూశారు. 2015 డిసెంబరు దాకా ఉండవలసిన మామిడి నిషేధం ఆ ఏడాది జనవరిలోనే ఎత్తివేతకు నోచుకొన్నది. కూరగాయలకు మాత్రం అంత త్వరగా విముక్తి కలగలేదు. చిన్న చిన్న మడులలో, పదిమంది రైతుల నుండి పదేసి కిలోలుగా సేకరించే కాకరకాయకు ఏ తోటలో పురుగు పట్టిందో ఎవరు చెప్పగలరు? మూలం తెలియని సరకుకు హామీ ఇవ్వడం ఏ ఇన్‌స్పెక్టరుకైనా కత్తి మీద సామే.

అమెరికా కథ వేరు. అక్కడివారి భయం ఈగ ఒక్కటే అయితే ఆవిరి గది సరిపోయేదేమో. మామిడి టెంకలో మరొక జీవి ఉన్నది. టెంక పురుగు అనే ఈ ముక్కు పెంకుపురుగు, కాయ పిందెగా ఉన్నప్పుడే గుడ్డు పెడుతుంది. పురుగు గుజ్జు గుండా పోయి, టెంకలో జీడిని తింటూ పెరుగుతుంది. పిందె ఎదిగేకొద్దీ గాయం మానిపోతుంది. పండు తొక్క నున్నగా, గుజ్జు తీయగా ఉంటుంది. తిన్నవాడికి తెలియదు, కోసినవాడికి తెలియదు. టెంక పగులగొట్టినవాడికే తెలుస్తుంది. పండును ఉడికించనిదే దాని దగ్గరకు వేడి చేరదు. అందుచేత అమెరికా కోరిన మార్గం వికిరణం.

ఆ వికిరణం కోసం నూజివీడు నుండి దాదాపు వెయ్యి కిలోమీటర్లు వాయవ్యంగా, నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌కు పోవాలి. దేశంలో ఉల్లిపాయల ధర నిర్ణయించే ఊరుగా లాసల్‌గావ్ పేరు ఇల్లాళ్ళందరూ పత్రికలలో చదివినదే. 2002లో భాభా అణు పరిశోధనా కేంద్రం అక్కడ నెలకొల్పిన 'కృషక్' కేంద్రం ఉల్లి మొలకెత్తకుండా ఆపడానికి ఉద్దేశించినది. ఉల్లి రైతు దానిని అంతగా ఆదరించలేదు. ఎవరికోసమో వేసిన పందిట్లో ఎవరి పెళ్ళో జరిగినట్లు, 2007 ఏప్రిల్‌లో అక్కడి నుండి భారతీయ మామిడి సుమారు 18 సంవత్సరాల విరామం తరువాత అమెరికా ప్రయాణం కట్టింది. కోబాల్ట్-60 నుండి వెలువడే గామా కిరణాల ఎదుట పెట్టెలు కదిలిపోతాయి. కనీసం 400 గ్రే మోతాదు అందాలని నియమం. పురుగు వెంటనే చావకపోవచ్చు. దాని వంశం మాత్రం అక్కడితో అంతరించిపోతుంది. పండుకు ఏ కిరణమూ అంటి ఉండదు, దీపం వెలుగులో ఉంచిన వస్తువు తరువాత చీకటిలో వెలగనట్లే. తరువాతి కాలంలో కొత్త బొంబాయిలోని వాషి, కర్ణాటకలోని మాలూరు కేంద్రాలు కూడా ఈ పనిలో చేరాయి.

కిరణాలు మనవి, పండ్లు మనవి. ఐనా చాలాకాలం పెట్టె మీద ముద్ర పడడానికి అమెరికా వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి నిలబడవలసి వచ్చేది. ఆయన రాకపోకల ఖర్చు ఎగుమతిదారులదే. ఈ ఏర్పాటు ఎంత బలహీనమైనదో కోవిడ్ బయటపెట్టింది. 2019-20లో 1,095 టన్నుల మామిడి అమెరికా పోగా, విదేశీ ఇన్‌స్పెక్టరు విమానం ఎక్కలేని 2020, 2021 సీజన్లలో ఒక్క పెట్టె కదలలేదు. చెట్లకు కాపు తగ్గలేదు, యంత్రం చెడలేదు; ఒక మనిషి రాలేదు. 2022లో ఎగుమతి తిరిగి ప్రారంభమైనప్పుడు పర్యవేక్షణను క్రమంగా భారతీయ అధికారులకు అప్పగించే ఒప్పందం కుదిరింది. సొంత ఇన్‌స్పెక్టరు మాటను పొరుగుదేశం అంగీకరించడం కంటె ఒక తనిఖీ సేవకు గొప్ప బిరుదు లేదు. దానిని నిలుపుకోవడం తెచ్చుకోవడం కన్న కష్టం.

ఈ ఇన్‌స్పెక్టర్లు తయారయ్యే చోట్లలో ముఖ్యమైనది హైదరాబాదులోనే ఉన్నది. శంషాబాద్ విమానాశ్రయానికి కొద్ది దూరంలో, రాజేంద్రనగర్‌లో, 1966లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థగా పుట్టి, 2008లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా రూపుదిద్దుకొన్న విద్యాలయం అది. దేశం నలుమూలల నుండీ వచ్చే అధికారులు ఇక్కడ పురుగును పోల్చడం, ధూమచికిత్స, క్వారంటైన్ నియమాలు నేర్చుకొంటారు. పోల్చడం చెప్పినంత తేలిక కాదు. ఏ జాతి ఈగ పురుగైనా చూపుకు ఒకే తెల్లని పురుగు. అది ఏ ఈగో తెలియాలంటే పెంచి పెద్దచేసి చూడాలి, లేదా ప్రయోగశాలలో దాని వంశబీజాన్ని పరీక్షించాలి. కోసిన మామిడి అంతకాలం ఆగుతుందా? ప్రయోగశాల రేవుకు ఎంత దగ్గరగా ఉంటే తనిఖీ అంత నిజాయితీగా ఉంటుంది. దూరమైన చోట అనుమానాన్ని మింగి సంతకం పెట్టడమో, అనుమానంతోనే సరకు ఆపడమో తప్ప మూడవ దారి లేదు.

పైగా ఈ సేవకు రెండు వాకిళ్ళు ఉన్నాయి. బయటకు పోయేదానిని చూసే కళ్ళే లోనికి వచ్చేదానిని చూడాలి. 1914లో వచ్చిన వినాశక కీటక, తెగుళ్ళ చట్టం మొదట లోపలి వాకిలి కోసమే పుట్టినది. ఆ వాకిలి ఏమరిన ఫలితం తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప పూలలో మూగిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా నుండి వచ్చిన పరదేశి. పూతంతా రాలి, కోతకు రావలసిన చేలను రైతులు దున్నివేసిన దృశ్యాలు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. 2008లో కోయంబత్తూరు బొప్పాయిలపై ప్రత్యక్షమైన పిండినల్లి, 2018లో కర్ణాటక మొక్కజొన్నలో బయటపడిన కత్తెర పురుగు ఈ వరుసలోనివే. ఒకినావా రైతు భయం ఎటువంటిదో ఖమ్మం మిరప రైతుకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

పురుగు లేకుండా, వికిరణం సవ్యంగా జరిగినా, పండు ఇల్లు చేరదని 2025 మే నెల నిరూపించింది. కొత్త బొంబాయిలో వికిరణం పూర్తయి విమానమెక్కిన సుమారు 15 సరకులను అమెరికా విమానాశ్రయాలలో నిలిపివేశారు. చికిత్సకు సంబంధించిన ధ్రువపత్రం సక్రమంగా లేదన్నారు. వెనుకకు పంపండి, లేదా ఇక్కడే ధ్వంసం చేయండని రెండు మార్గాలు చూపారు. నిలువ ఉండని పండును తిరుగు విమానమెక్కించే ఖర్చు పండు వెలను మించుతుంది. ఎగుమతిదారులు ధ్వంసానికే ఒప్పుకొన్నారు. తప్పు ఎవరిదన్న వాదోపవాదాలు తరువాత ఎన్నో నడిచాయి. తోటలో చిక్కం పట్టిన కూలీ మొదలు విమానంలోకి ఎత్తిన హమాలీ వరకు ఎవరి పనిలోనూ లోపం లేదు. ఒక ఫారం నింపడంలో వచ్చిన తేడా అంతటినీ మట్టిలో కలిపింది. తనిఖీని బలపరచడమంటే యంత్రాలు కొనడమని భావించేవారు ఈ సంఘటనను మరచిపోరాదు. రాత్రి పదకొండు గంటలకు, విమానానికి మూడు గంటల వ్యవధి ఉండగా, ఇరవయ్యవ సరకు కాగితాలు నింపుతున్న అలసిన మనిషిని గురించి కూడా ఆలోచించాలి. మామిడి ఎగుమతి ఏడాదికి రెండు మూడు నెలల పని. ఆ నెలల భారానికి తగిన మనుషులను మాత్రం అప్పటికప్పుడు పుట్టించలేము.

తిరిగి నూజివీడుకు వస్తే, ఈ గొలుసుకు అసలు బలహీనమైన కడియం తోటలోనే కనిపిస్తుంది. ఇక్కడ చాలా తోటలు పూత మీదే బేరం అవుతాయి. రైతు చెట్టును సీజనుకు గుత్తకు ఇచ్చి సొమ్ము పుచ్చుకొంటాడు. కాపు కాసేది, కోసేది గుత్తదారు. కాయ దిగిపోయిన మరునాడు అతనికి ఆ తోటతో సంబంధం ఉండదు. రాలి కుళ్ళిన కాయలు చెట్టు కింద పడి ఉంటే వచ్చే ఏటి ఈగలకు అవే పురిటిగది. వాటిని ఏరడానికి కూలి ఎవరివ్వాలి? వెళ్ళిపోయేవాడు ఇవ్వడు. ఉండేవాడు తన పని కాదనుకొంటాడు. పక్క తోటలో బుట్టలు కట్టి, కాయకాయకూ కాగితపు సంచి తొడిగిన రైతు మాత్రం ఆ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లిస్తాడు. ఈగకు సరిహద్దు రాళ్ళు తెలియవు కదా. ఎగుమతి చేసే తోటలను వివరాలతో నమోదు చేసి, ప్రతి పెట్టెకూ తోట గుర్తు వేసే పద్ధతి వచ్చింది గనుక, పురుగు ఎవరి చెట్టు నుండి వచ్చిందో నేడు చెప్పడం సాధ్యమే. చెట్టు ఎవరిదో తెలుస్తుంది. ఆ ఏడు దాని బాధ్యత ఎవరిదో పుస్తకంలో ఉండదు. గుత్త కాగితంలో "రాలిన కాయలను గుత్తదారే ఏరి పూడ్చవలెను" అని ఒక పంక్తి చేర్చడానికి ఢిల్లీలో చట్టం చేయనక్కరలేదు, జపాను అనుమతీ అక్కరలేదు.

కొందరు రైతులు ఆ పని మొదలుపెట్టారు కూడా. జ్యేష్ఠం వచ్చి కోతలు సన్నగిల్లిన తోటలలో, పొద్దు వాలిన వేళ, చెట్ల కింద నడుము వంచి ఏరుతున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. పగిలినవి, మెత్తబడినవి, చీమలు పట్టినవి నల్లని ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి, రేపటి ఎండ బాగా తగిలే గట్టు మీదకు లాగి వదులుతారు. చేతులకు అంటిన సొనను మట్టితో రుద్దుకొని, చెంగుకు తుడుచుకొని, తరువాతి చెట్టు కిందకు కదులుతారు.